తండ్రీ కొడుకుల చావు వెతుక్కుంటూ లండన్‌లో రెండు రోజులు

హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో మమ్మీని చూసినప్పటి నుంచీ మా నాన్నగారికి ప్రాచీన ఈజిప్టు రాజు టుటన్‌ఖమున్ సమాధిని కదిలించినవాళ్ళు చచ్చిపోతారనే శాపం కథంటే ప్రాణం. మొన్న వేసవిలో మా దగ్గరికి లండన్ వచ్చారు. "ఈసారి ఆ సంగతేదో తేల్చుకుందాం రా" అన్నారు.

మొదటి రోజు హైక్లేర్ కోట. పాడింగ్టన్‌లో రైలెక్కి న్యూబరీలో దిగాం. అక్కణ్ణుంచి అయిదు మైళ్ళు టాక్సీ. ఏడాదిలో కొన్ని రోజులే తెరుస్తారు కాబట్టి టికెట్లు ముందే కొనుక్కోవాలి. లోపల ఫొటోలు తీయనివ్వరు. సమాధి తవ్వకానికి డబ్బు పెట్టిన కార్నార్వన్ ప్రభువు ఇల్లిది. ఆయన 1923 ఏప్రిల్ 5న కైరోలో చనిపోయారు. దోమకాటు మీద గడ్డం కత్తి తగిలింది, విషమెక్కింది, చివరికి న్యుమోనియా. అంతకుముందే జర్మనీలో కారు ప్రమాదంతో ఒళ్ళు గుల్లయిన మనిషి. శాపమెందుకు, దోమ చాలు.

నేలమాళిగలోని ఈజిప్టు ప్రదర్శనలో సమాధి వస్తువులు చాలావరకు నకళ్ళే. ఆయన అసలు సేకరణను 1926లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం కొనేసింది. మిగిలిన కొన్ని వస్తువులు 1987లో గోడ అల్మరాల్లో బయటపడ్డాయి. నాకు వాటి దగ్గరే కాలు కదల్లేదు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు మెట్లు చూసుకోండి. రాత్రి న్యూబరీలో బస చేసిన చోట గది శుభ్రంగానే ఉంది కానీ వేడినీళ్ళు రాలేదు. పెద్దవాళ్ళతో వెళ్తే సాయంత్రానికి లండన్ చేరిపోవడమే మేలు.

రెండో రోజు డోవర్ స్ట్రీట్. తవ్వకాలు జరిపిన కార్టర్ కార్యదర్శి రిచర్డ్ బెథెల్ 1929 నవంబరులో ఇక్కడి బాత్ క్లబ్‌లో మంచం మీదే శవమై కనిపించాడు. ఊపిరాడకుండా చేసి చంపారని ఇప్పటికీ రాసేవాళ్ళున్నారు. నాకైతే రుజువు కనబడలేదు. క్లబ్బు భవనం యుద్ధంలో బాంబులకు పోయింది. చూడ్డానికేమీ లేదు, ఆగకండి.

సెయింట్ జేమ్స్ కోర్ట్‌కి మాత్రం తప్పక వెళ్ళండి. బకింగ్‌హామ్ గేట్‌లో ఉంది, ఇప్పుడది మన తాజ్ వాళ్ళ హోటలు. గది అద్దె మా అందుబాటులో లేదు. ఫౌంటెన్ ఉన్న ముంగిలి చూసి వచ్చాం. బెథెల్ పోయిన మూడు నెలలకు, 1930 ఫిబ్రవరిలో, అతని తండ్రి వెస్ట్‌బరీ ప్రభువు ఇక్కడే ఏడో అంతస్తు నుంచి పడి చనిపోయాడు. డెబ్భై ఏడేళ్ళవాడు. ఆయన శవాన్ని తీసుకెళ్తున్న బండి తగిలి ఎనిమిదేళ్ళ పిల్లవాడు కూడా చనిపోయాడు.

పేపర్లు దాన్నీ శాపం లెక్కలోనే రాసుకున్నాయి. సమాధి తెరిచిన కార్టర్ ఏమో 1939 దాకా బతికాడు.

నాన్నగారు తల పైకెత్తి కిటికీలు చూస్తూ చాలాసేపు నిలబడ్డారు. "కొడుకు పోయాక ఆ ముసలాయన్ని చంపడానికి వేరే ఎవరు కావాల్రా?" అన్నారు. తర్వాత పార్కులో బెంచీ మీద కూర్చున్నప్పుడు ఆ పిల్లవాడి పేరేమిటని అడిగారు.