బిడియపు కుక్కకు ఏది మేలు: జంట నడకా, కుక్కల పార్కా?

వేరే కుక్క కనబడగానే మీ కాళ్ల వెనక్కి దూరే కుక్కకు స్నేహం అలవాటు చేయడానికి రెండు దారులు: నెమ్మదస్తురాలైన ఒక కుక్కతో కలిపి నడిపించడం, లేదా పార్కులో కుక్కల మధ్య వదలడం.

ఖర్చు: రెండింటికీ పెద్దగా లేదు.

శ్రమ: పార్కులో గేటు తీసి వదిలితే చాలు. నడకకు వారాల ఓపిక కావాలి. మొదట రెండు కుక్కల మధ్య వీధి వెడల్పంత దూరం ఉంచి ఒకే దిక్కుకు నడిపించాలి. తోక కాళ్ల మధ్యకు పోయినా, పెదాలు నాక్కుంటున్నా, ఆవలిస్తున్నా దూరం పెంచాలి. (అది నిద్ర ఆవలింత కాదు, బెదురుది.) ఇష్టమైన తిండి ముక్కను కూడా ముట్టకపోతే ఆ రోజుకు ఇంటికి తిరగడమే.

ముప్పు: అసలు తేడా ఇక్కడే. పార్కులో నాలుగు కుక్కలు ఒక్కసారిగా చుట్టుముడితే తప్పుకోవడానికి చోటుండదు. ఆ ఒక్క బెదురుతో అన్నాళ్ల శ్రమా గంగపాలు కావచ్చు.

ఎవరికి ఏది: వణికే కుక్కకు నడకే. కాసేపు తటపటాయించి తానే వెళ్లి వాసన చూసే రకమైతే, రద్దీ లేని వేళ పార్కు ఫరవాలేదు. టీకాలు పూర్తికాని కూనకు మాత్రం పార్కు వద్దు. ఉన్నట్టుండి గుర్రుమనడం మొదలుపెట్టిన కుక్కను ముందు పశువైద్యుడికి చూపించండి. ఒంట్లో నొప్పి ఉన్నా అలాగే చేస్తుంది.