మాక్రో అని రాసి ఉన్న 70-300 జూమ్ కొనబోయేవారికి హెచ్చరిక

పెళ్లిళ్లలో నగల దగ్గరి చిత్రాలకూ వధూవరుల పోర్ట్రెయిట్లకూ ఒకే లెన్స్ కావాలని వెతుకుతున్నవారు, ఆ రెండు పనులకూ సరిపోతుందంటూ చూపించే 70-300 ఎంఎం జూమ్ విషయంలో చాలా జాగ్రత్తగా ఉండాలి. హైదరాబాదులోని ఒక కెమెరా దుకాణంలో నాకు అంటగట్టింది అదే. లెన్స్ మీద మాక్రో (అంటే అతి దగ్గరి చిత్రాలకు) అని రాసి ఉండటమే రుజువని అమ్మిన వ్యక్తి నమ్మబలికాడు.

ఆ అక్షరాలు రుజువు కావు. చూడవలసింది మాగ్నిఫికేషన్ నిష్పత్తి. 1:1 అంటే వస్తువు ఎంత ఉందో కెమెరాలో చిత్రాన్ని పట్టే సెన్సర్ మీద దాని బింబమూ అంతే పడుతుంది; చిన్న సెన్సర్ ఉండే నికాన్ డీఎక్స్ బాడీల్లో (కెమెరాల్లో) సెన్సర్ వెడల్పు సుమారు 23.5 మి.మీ. కనుక ఒక ఉంగరం ఫ్రేమును దాదాపు నింపేస్తుంది. ఈ తరహా జూమ్‌లు మహా అయితే 1:2 (బింబం వస్తువులో సగం) వరకు వెళ్తాయి, కొన్ని 1:4 దగ్గరే ఆగిపోతాయి. ఆ 1:2 కూడా 300 ఎంఎం కొసన, మాక్రో స్విచ్ వేసి, దాదాపు మీటరు దూరం నుంచి తీస్తేనే వస్తుంది. అక్కడ అపర్చర్, అంటే వెలుతురు వచ్చే రంధ్రం, ఎఫ్5.6 కంటే ఎక్కువ తెరుచుకోదు (ఎఫ్ పక్కన అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది). నాకిచ్చిన దానిలో చేతి వణుకును సరిదిద్దే ఏర్పాటు కూడా లేదు. కల్యాణ మండపం వెలుతురులో ఆ కొసన చిత్రం కదలకుండా ఉండాలంటే షట్టర్ వేగాన్ని 1/400 సెకనుకు పైన పెట్టి, ఐఎస్ఓను (వెలుతురు చాలనప్పుడు చిత్రాన్ని ప్రకాశవంతం చేసే అమరికను) బాగా పెంచక తప్పదు. అప్పుడు చిత్రంలో నలుసులు పడి రాళ్ల మెరుపుతో పాటు చర్మపు రంగు కూడా చెడిపోతుంది.

డబ్బా తెరిచారు గనుక వాపసు లేదన్నారు. బదులుగా పాత 60 ఎంఎం ఎఫ్2.8డి మైక్రో (మాక్రోకు నికాన్ వాడే పేరు) లెన్స్ ఇస్తామన్నారు. అది నిజంగా 1:1 ఇచ్చే మంచి లెన్సే, కానీ దాని ఆటోఫోకస్ నడవాలంటే కెమెరా బాడీలో మోటారు ఉండాలి. నా నికాన్ డీ5600 కెమెరాలోనే కాదు, నికాన్ డీ3000, డీ5000 వరుసల్లో దేనిలోనూ ఆ మోటారు లేదు. వాటిలో ఆటోఫోకస్ నడవాలంటే ఏఎఫ్-ఎస్ లాంటి, తమలోనే మోటారు ఉన్న లెన్సులే కావాలి. ఈ సంగతి వాళ్లు చెప్పలేదు. పైగా ఫోన్ టార్చి వెనుక నుంచి వేసి చూస్తే లోపలి గాజు మీద సాలెపోగుల్లాంటి ఫంగస్ కనిపించింది. దాన్ని దుమ్మన్నారు.

ముఖాలకు మాత్రమే అయితే 85 ఎంఎం ఎఫ్1.8జి చక్కటి లెన్స్, కానీ అది 80 సెం.మీ. కంటే దగ్గర ఫోకస్ కాదు, ఉంగరానికి పనికిరాదు. 40 ఎంఎం మైక్రో 1:1 ఇస్తుంది గాని, అంత దగ్గరకు వెళ్లేసరికి లెన్స్ నీడ నగ మీదే పడుతుంది. రెండు పనులూ ఒకే లెన్స్ చేయాలంటే నా అభిప్రాయంలో 90 నుంచి 105 ఎంఎం మధ్య, ఎఫ్2.8, 1:1 మాక్రోయే సరైనది. డీఎక్స్ బాడీ మీద చిన్న సెన్సర్ వల్ల ఫ్రేము ఇరుకవుతుంది గనుక పోర్ట్రెయిట్‌కు కాస్త వెనక్కి జరగవలసి వస్తుంది, అయినా ఆ ఇబ్బంది భరించదగినదే.

డబ్బు కట్టే ముందే మీ బాడీకి తగిలించి, మీ మెమరీ కార్డు మీద ఒక నాణేన్నీ ఒక ముఖాన్నీ తీసి చూడండి. జీఎస్టీ బిల్లు మీద లెన్స్ పూర్తి పేరు, సీరియల్ నంబరు రాయించుకోండి. నా దగ్గర అలాంటి బిల్లు ఉంది కాబట్టే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేయగలిగాను.