మంచు దేశంలో లైన్ డిజైన్‌కి పీఎల్ఎస్-క్యాడ్ ఎలా ఉంది?

నాలుగేళ్లుగా కెనడాలోని మానిటోబాలో ట్రాన్స్‌మిషన్ లైన్ల స్టడీలు చేస్తున్నా, రోజంతా నా ముందుండేది కరెంటు లైన్లు డిజైన్ చేసే సాఫ్ట్‌వేర్ పీఎల్ఎస్-క్యాడే. అది నేర్చుకుంటే ఉపయోగమేనా అని మనవాళ్లు అడుగుతూ ఉంటారు. తప్పకుండా నేర్చుకోండి. లైడార్ (లేజర్‌తో నేలను కొలిచే) సర్వే మొత్తం తెచ్చి పోసినా తీసుకుంటుంది, ఒక టవర్‌ని పది మీటర్లు పక్కకు జరిపితే నేలకీ తీగకీ మధ్య ఎంత మారిందో అక్కడికక్కడే కనిపిస్తుంది.

అసలు విషయం వాతావరణ కేసులు, అంటే లైన్ తట్టుకోవాల్సిన గాలి, మంచు, చలి కలయికలు. మన దగ్గర భయమంతా ఎండా, తుఫాను గాలీ. ఇక్కడ మంచు. కెనడా ప్రమాణంలో హెవీ లోడింగ్ అంటే తీగ చుట్టూ 12.5 మిల్లీమీటర్ల మంచు, 400 పాస్కల్ గాలి, మైనస్ 20 డిగ్రీలు, అదీ కనీసం చూడాల్సింది మాత్రమే. 25 మిల్లీమీటర్లు పట్టిందనుకోండి, డ్రేక్ అనే రకం కండక్టర్ (తీగ) బరువు మీటరుకు 1.6 కిలోలైతే దాని మీది మంచే 3.7 కిలోలు. అంటే 300 మీటర్ల స్పాన్‌లో (రెండు టవర్ల మధ్య దూరంలో) ఒక్క తీగ మీద టన్నుకు పైగా మంచు!

ఇక్కడే ఒక జాగ్రత్త. ఈ సాఫ్ట్‌వేర్‌లో లెక్కకి లెవెల్స్ ఉంటాయి. లెవెల్ 1లో నడిపితే అది రూలింగ్ స్పాన్ పద్ధతి, సెక్షన్‌లోని (తీగను గట్టిగా బిగించిన రెండు టవర్ల మధ్య భాగంలోని) స్పాన్లన్నిటిలో తీగ టెన్షన్ ఒకటే అనుకుంటుంది. మంచు అన్ని చోట్లా ఒకేసారి రాలదు కదా, ఒక స్పాన్‌లో రాలి పక్కదాన్లో మిగిలితే తీగను టవర్‌కి వేలాడదీసే ఇన్సులేటర్ స్ట్రింగ్ బరువు వైపు వాలిపోయి, మంచు మిగిలిన స్పాన్‌లో తీగ ఇంకా కిందికి దిగుతుంది. నా మొదటి స్టడీని నేను లెవెల్ 1తోనే ముగించేశా, క్లియరెన్స్ (నేలకీ తీగకీ మధ్య ఎడం) బాగుందనుకున్నా. మా సీనియర్ ఒకాయన, ఒక్కో స్పాన్‌నీ విడిగా లెక్కించే లెవెల్ 2లో మళ్లీ నడిపితే రోడ్డు దాటే చోట తీగ మీటరుకు పైగా కిందికొచ్చింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తీగ తెగిన కేసు కూడా వదలకండి. 1998 జనవరిలో క్యూబెక్‌లో పడ్డప్పుడే గడ్డకట్టే వాన కురిసి, టవర్లు ఒకదాన్నొకటి లాక్కుంటూ వరసగా కూలాయి, పది లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది. ఆ తర్వాతే అక్కడ కూలడాన్ని మధ్యలో ఆపేందుకు ప్రత్యేకంగా గట్టి టవర్లు పెట్టారు.

మైనస్ 40 దగ్గర ఇంకో చిక్కు: తీగ బిగుసుకుపోయి పల్లంలోని టవర్‌ని పైకి లాగుతుంది. ఆ కేసు మీరే రాసిపెడితే సాఫ్ట్‌వేర్ చక్కగా పట్టిస్తుంది, రాయకపోతే ఏమీ చెప్పదు.

పునాది సంగతి మాత్రం దీని పని కాదు. టవర్ కాళ్ల దగ్గర ఎంత బలం పడుతుందో చెప్పి ఊరుకుంటుంది. ఉత్తరాన నేల చలికి ఉబ్బి పునాదిని ఏటా కొంచెం కొంచెం పైకి నెడుతుంది, ఆ మట్టి రిపోర్టు చేతికి రాకుండా టవర్ల స్థానాలు ఖాయం చేయకండి.