మోరా కంపానియన్ కత్తి: ఎనిమిదేళ్ళ వాడకం తర్వాత

2017లో తొలకరి రోజుల్లో కొన్న మోరా కంపానియన్ కత్తి ఇప్పటికీ నా సంచిలో ఉంది. ఈ ఎనిమిదేళ్ళలో అరకు, లంబసింగి వైపు కాఫీ తోటల్లో యజమానుల అనుమతితో గుడారం వేసుకున్న ప్రతిసారీ అదే నా చేతి కత్తి. మిగతా రోజుల్లో విజయనగరం దగ్గర మా నాన్నగారి జీడిమామిడి తోటలో తాళ్ళు కోయడానికి, వెదురు బద్దలు చీల్చడానికి, ఎరువు బస్తాల కుట్లు విప్పడానికి, చెరువు చేపలు శుభ్రం చేయడానికి కూడా దాన్నే వాడుతున్నాను. తక్కువ డబ్బుతో ఆరుబయట అన్ని పనులకూ సరిపోయే కత్తి ఏదని మిత్రులు తరచూ అడుగుతుంటారు. కొన్న కొత్తలో ఏ కత్తి అయినా బాగానే కోస్తుంది కనుక, నాలుగు వర్షాకాలాలు చూసిన తర్వాతే దాని గురించి మాట్లాడాలన్నది నా అభిప్రాయం. అందుకే ఈ సమీక్ష ఇంత ఆలస్యంగా రాస్తున్నాను.

దీనికి ముందు నేను కొన్నది చూపులకు చాలా గంభీరంగా ఉండే కత్తి. దాని బ్లేడు 5 మి.మీ. మందం ఉండేది, వీపు మీద రంపపు పళ్ళు ఉండేవి, బోలుగా ఉన్న పిడిలో అగ్గిపుల్లలూ గాలమూ దాచుకోవచ్చు, పిడి మూతకు దిక్సూచి కూడా ఉండేది. ప్రాణాపాయంలో ఆదుకునే కత్తి అంటే ఇలాగే ఉండాలని అప్పట్లో గట్టిగా నమ్మాను. ఒక సాయంత్రం ఎండిన సరుగుడు కట్టెను చీలుస్తుండగా, బ్లేడు పిడితో కలిసే చోట ఆ కత్తి రెండు ముక్కలైంది. బ్లేడు ముక్క నా కాలికి జానెడు దూరంలో పడింది. తర్వాత పిడి లోపల చూస్తే, బ్లేడును పట్టి ఉంచినది చిటికెన వేలి గోరంత వెడల్పున్న చిన్న ఇనుప ముక్క ఒక్కటేనని తెలిసింది. కత్తి బలం బ్లేడు మందంలో కాక, బయటికి కనిపించని ఆ అతుకులో ఉంటుందన్న సంగతి నాకు ఆ రోజే అర్థమైంది.

మోరా స్వీడన్‌లోని దలార్నా ప్రాంతంలో ఒక పట్టణం. ఆ చుట్టుపక్కల కత్తుల తయారీ కొన్ని వందల ఏళ్ళుగా సాగుతున్న వృత్తి. కంపానియన్ తయారుచేసే నేటి మోరాక్నివ్ సంస్థకు మూలమైన కర్మాగారాల్లో ఒకటి 1891లో మొదలైంది. కంపానియన్ అక్కడి వడ్రంగులు, జాలరులు, తోటమాలులు పని కత్తిగా వాడే రకానికి చెందినదే కానీ, ప్రదర్శన కోసం చేసినది కాదు. నా దగ్గరున్నది తుప్పు పట్టని ఉక్కు రకం. బ్లేడు పొడవు 104 మి.మీ., మందం 2.5 మి.మీ., మొత్తం పొడవు 22 సెంటీమీటర్లకు కొంచెం తక్కువ. ఒరతో కలిపి తూచినా 120 గ్రాములు ఉండదు. నేను కొన్నప్పుడు ధర రెండు వేల రూపాయల లోపే ఉండింది.

ఇంత పలుచని కత్తి అడవిలో ఏం పనికొస్తుందని నా మిత్రులు అడిగినట్టే నేను కూడా మొదట్లో అనుమానించాను. జవాబు ఒక ఆగస్టు రాత్రి అరకు దగ్గర దొరికింది. మూడు రోజులుగా ముసురు పట్టి ఉంది, నేల మీద దొరికిన ప్రతి పుల్లా నానిపోయి ఉంది, స్టవ్‌లో గ్యాసు అయిపోయింది. అటువంటి వర్షంలో కూడా మణికట్టు లావున్న ఎండు కొమ్మ లోపలి చేవ పొడిగానే ఉంటుంది. తడి అంతా బెరడులోనూ దాని కింది పొరలోనూ ఉంటుంది. ఆరుబయట కత్తి చేయవలసిన అతి ముఖ్యమైన పని ఆ పొడి చేవ దగ్గరికి మనల్ని తీసుకువెళ్ళడం. చెట్టు మీదే ఎండి వేలాడుతున్న సిల్వర్ ఓక్ కొమ్మను తెచ్చి, జానెడు ముక్కలుగా విరిచి, కత్తిని ముక్క తల మీద ఆనించి, మరో కట్టెతో బ్లేడు వీపు మీద కొడుతూ నిలువునా నాలుగు చీలికలు చేశాను. ఆ చీలికల లోపలి అంచుల నుంచి ఉల్లిపొరల్లాంటి సన్నని తురుము, చివర ఊడిపోకుండా పువ్వులా విచ్చుకునేటట్టు చెక్కాను. ఆ తురుముకు ఒక్క అగ్గిపుల్లతో నిప్పు అంటుకుంది. 5 మి.మీ. మందమున్న పాత కత్తితో ఇదే పని ఎన్నోసార్లు ప్రయత్నించాను. అది కట్టెను చీల్చేది కానీ, తురుము చెక్కబోతే అంచు కర్రలోకి దిగకుండా జారిపోయేది, లేదా ఒక్కసారిగా లోతుగా దిగి పెచ్చుగా ఊడివచ్చేది. ఆరుబయట మనం చేసే పనుల్లో నరకడం కంటే చెక్కడం, కోయడం, తొలచడం చాలా ఎక్కువ, ఆ మూడింటికీ పలుచని బ్లేడే కావాలి.

అయితే కొట్టి చీల్చే పనికి దీనికొక హద్దు ఉంది, దాన్ని కొనేవారు ముందే తెలుసుకోవాలి. బ్లేడు నుంచి పిడి లోపలికి వెళ్ళే లోహపు భాగాన్ని ట్యాంగ్ అంటారు. కంపానియన్‌లో అది పిడి చివరి దాకా పూర్తి వెడల్పుతో సాగదు; సన్నబడి మధ్యలోనే ఆగిపోతుంది, దాని చుట్టూ ప్లాస్టిక్ పిడిని పోతపోస్తారు. అందువల్ల మణికట్టు లావు దాటిన కట్టెను, ముడులున్న కట్టెను దీనితో చీల్చకూడదు, చీలికలో ఇరుక్కున్న కత్తిని పక్కకు వంచి మెలితిప్పకూడదు. నేను ఈ నియమం పాటించాను కనుక పిడిలో ఇప్పటికీ కదలిక లేదు. ఒక్కసారి మాత్రం వెదురు కణుపు దగ్గర తొందరపడి కత్తిని మెలితిప్పినందువల్ల, అంచు గోరంత మేర మడత పడింది. అది నా తప్పు; రాయి మీద అరగంట నూరాక సరైంది. పూర్తి ట్యాంగ్ తప్పనిసరి అనుకునేవారికి ఇదే సంస్థ తయారుచేసే గార్బర్గ్ అనే కత్తి ఉంది కానీ, దాని ధర ఎన్నో రెట్లు ఎక్కువ, బరువు కూడా ఎక్కువే. ఇది తక్కువ ఖర్చులో కత్తి వెతికేవారి కోసం రాస్తున్నది కనుక దాని జోలికి పోను.

నరికే పని ఎవరు చేయాలి మరి? ఈ ప్రశ్నకు జవాబు స్వీడన్ నుంచి తెప్పించుకోవలసిన అవసరం లేదు. మా ఊరి కమ్మరి పాత లారీ కమాను బద్దను కొలిమిలో కాల్చి, సాగగొట్టి, నీళ్ళలో ముంచి గట్టిపరచి చేసిచ్చిన నరికే కొడవలి ఉంది. వెదురు నరకడానికి, ముళ్ళ కంప తొలగించడానికి, కొబ్బరి బొండాం కొట్టడానికి దానితో పోటీపడగల విదేశీ కత్తిని నేను చూడలేదు. లారీ బరువును మోస్తూ వేల గతుకుల మీద వంగి లేచిన ఉక్కు అది. దెబ్బను భరించడం దాని స్వభావంలోనే ఉంది. మన నేలకు ఈ విద్య కొత్తది కాదు. నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రంలో మూసల్లో తీసిన ఉక్కు కోసం ఒకప్పుడు పర్షియా వర్తకులు అక్కడికే వచ్చి దగ్గరుండి కొనుక్కుపోయేవారు. అటువంటి చోట పుట్టిన మనం కమ్మరి కొలిమిని వదిలి, నరకడానికీ చెక్కడానికీ ఒకే కత్తి కావాలని పట్టుబట్టి, రెండింటికీ సగం సగం పనికొచ్చే బరువైన వస్తువు మీద అయిదారు వేలు పోయడం నాకు బాధగా అనిపిస్తుంది. చిన్న పలుచని కత్తి ఒకటి, ఊరి కొడవలి ఒకటి కలిపి కొన్నా నాకు అంత ఖర్చు కాలేదు.

ఉక్కు విషయానికి వస్తే, కంపానియన్ రెండు రకాలుగా దొరుకుతుంది: కార్బన్ ఉక్కు, తుప్పు పట్టని ఉక్కు. నేను రెండూ వాడాను. కార్బన్ రకం తేలికగా, చాలా చక్కని పదును తీసుకుంటుంది. కానీ పచ్చిమామిడి కాయ కోసిన పది నిమిషాలకే దాని మీద నల్లని మరక ఏర్పడుతుంది. ఆ మరక హానికరం కాదు, కాలక్రమంలో అదే ఒక రక్షణ పొరలా పనిచేస్తుంది. ఎర్రని తుప్పు వేరు. ఒకసారి భీమిలి తీరంలో చేపలు కోశాక, సరిగా తుడవకుండా తడి ఒరలో పెట్టి రెండు రోజులు మరిచిపోయాను; తీసేసరికి అంచు వెంబడి సన్నని గుంతలు పడి ఉన్నాయి. ఆ నిర్లక్ష్యం పూర్తిగా నాదే. అయినా సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో ఉండేవారికి, రోజూ తుడిచి కొబ్బరినూనె రాసే ఓపిక లేనివారికి తుప్పు పట్టని రకమే మేలని చెబుతాను. నా కత్తికి వాడిన, శాండ్విక్ సంస్థ 12సి27 అని పిలిచిన ఉక్కులో కార్బన్ సుమారు 0.6 శాతం, క్రోమియం 13.5 శాతం ఉంటాయి. తుప్పును ఆపేది ఆ క్రోమియమే. పదును నిలబడటంలో ఇది ఖరీదైన ఆధునిక ఉక్కులతో సమానం కాదు. ఒక రోజంతా వెదురు చెక్కితే సాయంత్రానికి అంచు మందగించినట్టు తెలుస్తుంది. కానీ మళ్ళీ పదును పెట్టడం పది నిమిషాల పని. అడవిలో ఉన్నప్పుడు నెల రోజులు నిలిచే పదును కంటే పది నిమిషాల్లో తిరిగివచ్చే పదునుకే నేను ఎక్కువ విలువ ఇస్తాను.

పదును పెట్టడం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే కొత్తవారికి ఈ కత్తిని సూచించడానికి నాకున్న అసలు కారణం అదే. సాధారణ వంటింటి కత్తిని రాయి మీద నూరేటప్పుడు ఏ కోణంలో పట్టుకోవాలో చేతికి అలవాటయ్యే దాకా తెలియదు. కోణం మారినకొద్దీ అంచు గుండ్రంగా అయిపోతుంది. కంపానియన్ బ్లేడుకు ఒక్కో వైపు అర సెంటీమీటరుకు కాస్త అటూ ఇటూగా వెడల్పున్న ఒకే ఒక్క ఏటవాలు తలం ఉంటుంది. ఈ పద్ధతిని స్కాండి అంటారు. ఆ తలాన్ని రాయి మీద చదునుగా ఆనిస్తే చాలు, సరైన కోణం దానంతటదే కుదురుతుంది. నేను ఇంట్లో 400, 1000 గరుకుల సానరాయి వాడతాను. బయటికి వెళ్ళినప్పుడు చదునైన చెక్క ముక్కకు అంటించిన ఉప్పు కాగితం సరిపోతుంది. ఒక వైపు నూరుతుంటే రెండో వైపు అంచు వెంబడి వేలికి తగిలే సన్నని పొర లేస్తుంది. అది పిడి దగ్గరి నుంచి మొన దాకా లేచిందంటే ఆ వైపు పని పూర్తయినట్టు. రెండో వైపు కూడా అలాగే నూరి, చివరికి పాత తోలు బెల్టు మీద వెనక్కి లాగుతూ పది పదిహేను సార్లు రాస్తే ఆ పొర రాలిపోతుంది. వెదురు, ఎండు టేకు వంటి గట్టి కర్ర ఎక్కువగా చెక్కేవారు చివర్లో బ్లేడు వీపును కొద్దిగా ఎత్తి ఒక్కో వైపు నాలుగైదు సార్లు తేలికగా నూరితే, అంచు చివర కంటికి కనిపించనంత చిన్న రెండో తలం ఏర్పడి, పెచ్చులు లేవకుండా కాపాడుతుంది. నేను మూడో సంవత్సరం నుంచి అలాగే చేస్తున్నాను, తేడా స్పష్టంగా ఉంది.

పిడి రబ్బరు పొరతో ఉండి చేప జిగురు అంటినా జారదు. ఒర ప్లాస్టిక్‌ది, అడుగున నీరు పోయే రంధ్రం ఉంది కనుక, తోలు ఒరలా వర్షానికి నాని కుళ్ళదు. బ్లేడు వీపు అంచులు పదునుగా ఉండవు కాబట్టి నిప్పు రాజేయడానికి వాడే ఫెర్రో కడ్డీ మీద గీసి నిప్పురవ్వలు రాల్చాలంటే, వీపులో మొన వైపు రెండు అంగుళాల మేర అంచులు పదునుదేలేటట్టు ఆకురాయితో చదునుగా అరగదీయాలి. పావుగంటలో అయిపోయే పని అది, కానీ బొటనవేలు ఆనించే చోట మాత్రం అరగదీయవద్దు.

ఇక చట్టం సంగతి. కత్తి కొనే ఉత్సాహంలో చాలామంది దీన్ని పట్టించుకోరు. 9 అంగుళాల కంటే పొడవైన లేదా 2 అంగుళాల కంటే వెడల్పైన బ్లేడు ఉన్న కత్తులను, ఇంటి, వ్యవసాయ, శాస్త్ర, పారిశ్రామిక అవసరాలకు చేసినవి మినహాయించి, ఆయుధాల నియమావళి ఆయుధాలుగా లెక్కిస్తుంది. కంపానియన్ బ్లేడు 4 అంగుళాల పైచిలుకు మాత్రమే కనుక ఆ కొలతకు చాలా లోపల ఉంది. అంతమాత్రాన ఎక్కడికైనా తీసుకుపోవచ్చని కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఆయుధం అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో కత్తులు కూడా ఉన్నాయి. ముందుగా రాతపూర్వక అనుమతి లేకుండా అభయారణ్యంలోకి ఆయుధంతో ప్రవేశించడం నేరం. అంటే విశాఖ పక్కనే ఉన్న కంబాలకొండకైనా, నల్లమలలోని పులుల అభయారణ్యానికైనా ఈ కత్తి వెంట తీసుకుపోకూడదు. నేను తీసుకుపోను. విమానంలో అయితే చెక్-ఇన్ సామానులోనే పెట్టాలి. బస్సుల్లో ఒరతో సహా గుడ్డలో చుట్టి సంచి అడుగున పెడతాను, నడుముకు కట్టుకుని ఊళ్ళో తిరగను.

కొత్తగా కొన్నవారికి మరొక్క మాట. ఇది కొన్న రోజునే గడ్డం గీయగలిగేంత పదునుగా ఉంటుంది. కూర్చుని చెక్కేటప్పుడు చాలామంది కర్రను తొడ మీద ఆనించుకుంటారు. తొడ లోపలి వైపు పెద్ద రక్తనాళం ఉంది. అక్కడ లోతైన గాయమైతే ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం మీదికి వస్తుంది. మోచేతులు మోకాళ్ళ మీద ఆనించి, కత్తి మోకాళ్ళకు అవతల కదిలేటట్టు కూర్చోవాలి. నాతో వచ్చే పిల్లలకు కత్తి చేతికి ఇచ్చే ముందు ఇది చేసి చూపిస్తాను.

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు ఈ కత్తిని కమ్మరికి చూపించాను. ఆయన బ్లేడును వేలి గోటి మీద అడ్డంగా ఆనించి చూసి, ఉక్కు మంచిదేనని, ప్లాస్టిక్ పిడి మాత్రం తనకు నచ్చలేదని అన్నారు. ఎనిమిదేళ్ళ నూరుడుకు బ్లేడు వెడల్పు 2 మి.మీ. తగ్గింది, మొన కొంచెం గుండ్రబడింది. నాన్నగారు కొమ్మలు కత్తిరించడానికి, తాళ్ళు కోయడానికి తనకూ ఇలాంటిదే కావాలంటే, ఈసారి కూడా తుప్పు పట్టని రకమే తెప్పించాను. ఎర్ర పిడి ఉన్నది ఎంచుకున్నాను, తోటలో ఆకుల మధ్య పడిపోయినా కనిపించాలని.