మూడేళ్లలో 800 గ్రాములు బరువెక్కిన నా తేలికపాటి ఈ-మౌంటెన్ బైక్

కొన్న రోజు పెడల్స్‌తో సహా వేలాడదీసి తూచాను. 18.3 కిలోలు. నిన్న మళ్లీ తూచాను. 19.1 కిలోలు. మధ్యలో మూడేళ్లు, 4,200 కిలోమీటర్లు, లెక్క రాసుకుంటే బాధ కలిగించేంత ఖర్చు. తేలికగా ఉంటుందనే కదా ఈ బండి కొన్నది, అప్‌గ్రేడ్ల పేరుతో ఇంకా బరువు పెంచుకున్నావేంటని తోటి రైడర్లు నవ్వుతుంటారు. నవ్వనీ. ఇప్పుడున్నట్టుగా ఈ బండి ముందెప్పుడూ లేదు.

ఇది ఎలాంటి బండో ముందు చెప్తాను. కొండదారుల్లో తొక్కే సైకిలే, మనం పెడల్ తొక్కుతుంటే మోటారు సాయం చేస్తుంది. మోటారు తిప్పే బలం (టార్కు) 50 న్యూటన్ మీటర్లు, పవరు గరిష్ఠంగా 300 వాట్లు. బ్యాటరీ 360 వాట్ అవర్లు, ఫ్రేములోనే ఉంటుంది. ముందు 150, వెనుక 140 మిల్లీమీటర్ల సస్పెన్షన్. బాష్ పెర్ఫార్మెన్స్ లైన్ సీఎక్స్ లాంటి, 85 న్యూటన్ మీటర్లు లేదా అంతకు మించి ఇచ్చే మోటారు, దీనికి రెట్టింపు బ్యాటరీ ఉన్న బళ్లు మామూలుగా 22 నుంచి 25 కిలోలు తూగుతాయి. వాటి పక్కన ఇది మామూలు సైకిల్‌లా దూకుతుంది, వంపుల్లో చెప్పిన మాట వింటుంది. కానీ వాటిలా కొండ మీదకు మోసుకుపోదు. సగం పని మన కాళ్లే చెయ్యాలి. ఆ సంగతి తెలిసే కొన్నాను కాబట్టి ఆ ఫిర్యాదు లేదు.

మొదటి ఆరు నెలలు నాకు గ్రాముల పిచ్చి పట్టింది. టైటానియం బోల్టులు, తేలికపాటి సీటు, చివరికి కార్బన్ చక్రాలు. చక్రాల వల్ల 280 గ్రాములు తగ్గింది. కొండ ఎక్కేటప్పుడు ఏదో తేడా తెలుస్తున్నట్టే అనిపించింది. డబ్బు పెట్టాక అలాగే అనిపిస్తుంది కదా. ఒకరోజు కూర్చుని లెక్క వేశాను. ఒక కిలో బరువును వెయ్యి మీటర్లు పైకి ఎత్తడానికి కావలసిన శక్తి సుమారు 2.7 వాట్ అవర్లు. మోటారులో పోయేది కలుపుకున్నా మూడున్నర దాటదు. అంటే రోజంతా వెయ్యి మీటర్లు ఎక్కినా, కిలో తగ్గించినందుకు నా 360లో మిగిలేది ఒక్క శాతం. నేను తగ్గించింది పావుకిలో చిల్లర. తొక్కేవాడి 76 కిలోల మాట ఎవరూ ఎత్తరు.

ఆ చక్రాల కథ కూడా ఎక్కువ రోజులు సాగలేదు. బండితో వచ్చిన పల్చని టైర్లలోనే, పట్టు బాగుంటుందని 18 పీఎస్ఐ గాలితోనే తిప్పాను. దిగుడులో వెనుక చక్రం ఒక పలక రాయి అంచుకు కొట్టుకుంది. అక్కడికక్కడే ఆ టైరు గోడ చిరిగింది, ఇంటికొచ్చి కడిగి చూస్తే రిమ్ము కూడా చిట్లింది. తప్పు నాదే. అల్యూమినియం రిమ్ము అయితే సొట్టపోయేది, సరిచేసుకుని నడిపేవాణ్ణి. పాత చక్రాలు మళ్లీ వేసుకున్నాను. ఇప్పటికీ అవే ఉన్నాయి.

అసలు విషయం అక్కడే అర్థమైంది. తేలికపాటి ఈ-మౌంటెన్ బైకు అనగానే ప్రకటనలో ఒక అంకె పడాలి. ఆ అంకె కోసం బరువు ఎక్కడ తగ్గిస్తారంటే కొనేవాడి కళ్లకు కనపడని చోట. పల్చటి టైర్లు, చిన్న రోటర్లు (బ్రేకు పట్టుకునే డిస్కులు), తేలిక క్యాసెట్ (వెనుక గేర్ల పళ్లచక్రాల గుత్తి). ఫ్రేము, మోటారు చూసి మనం మురిసిపోతాం. దిగుడులో మన ప్రాణం ఆధారపడేది మాత్రం ఆ పల్చటి వాటి మీదే.

టైర్లు మార్చాక బండే మారిపోయింది. వెనుక మాక్సిస్ కంపెనీ డబుల్‌డౌన్ కేసింగ్ (రబ్బరు కింద ఉండే టైరు ఒళ్లు), ముందు ఎక్సో ప్లస్ కేసింగ్‌లో మెత్తటి మాక్స్‌గ్రిప్ రబ్బరు. రెండూ కలిపి 480 గ్రాములు పెరిగాయి. డబుల్‌డౌన్‌లో దారాల పొర రెండు వరసలుగా ఉంటుంది కాబట్టి గోడ గట్టిగా నిలబడుతుంది. అందువల్ల తక్కువ గాలితో తిప్పినా వంపులో టైరు కిందకు మడతపడదు. ఇప్పుడు ముందు 21, వెనుక 24 పీఎస్ఐ. తడిసిన వేర్ల మీద ముందు చక్రం జారుతుందేమోనని భుజాలు బిగపట్టుకుని దిగే అలవాటు పోయింది. వెనుక మాత్రం మాక్స్‌గ్రిప్ వెయ్యొద్దు. మోటారు తోపుకు తొందరగా అరిగిపోతుంది, పైగా తారురోడ్డు మీద బంకలా లాగుతుంది. వెనుకకు అంతకన్నా గట్టిదైన మాక్స్‌టెర్రా రబ్బరు చాలు. టైర్లు మార్చాక సమతల నేల మీద బండి కొంచెం మందగించిన మాట నిజమే. ఒక్క మార్పుకే డబ్బు ఉందంటే మొదట టైర్లే మార్చుకోమంటాను, అక్కడ ఆగిపోయినా నష్టం లేదు.

తర్వాత బ్రేకులు. బండితో వచ్చిన వెనుక రోటరు 180 మిల్లీమీటర్లు, రోటరును రెండు వైపులా నొక్కే కాలిపర్‌లో రెండే పిస్టన్లు. పొడవాటి దిగుళ్లలో లివరు మెత్తబడి హ్యాండిల్ దాకా వచ్చేది. నాలుగు పిస్టన్ల కాలిపర్, 203 రోటరు వేశాను. రోటరు వ్యాసం 180 నుంచి 203కి పెరిగితే అదే నొక్కుకు ఆపే బలం దాదాపు 13 శాతం పెరుగుతుంది. దానికన్నా ముఖ్యం, ఎక్కువ లోహం ఉంటుంది కాబట్టి వేడి తట్టుకుంటుంది. పెరిగిన బరువు 130 గ్రాములు. పెద్ద రోటరుకు అడాప్టర్, దానికి సరిపోయే పొడవు బోల్టులు కావాలి. మీ ఫ్రేము ఎంత పెద్ద రోటరు వరకు ఒప్పుకుంటుందో కొనే ముందే చూసుకోండి.

ఇక్కడే నా తెలివితక్కువతనం ఒకటి చెప్పాలి. రోటరు మార్చి, బ్రేకు సరిచేసి, ఉత్సాహంగా బయల్దేరాను. వంద మీటర్లు వెళ్లగానే మోటారు ఆగిపోయింది. తెర మీద ఎర్రర్. ఆపి మళ్లీ ఆన్ చేస్తే కొంచెం దూరం నడిచి మళ్లీ అదే. మోటారు పోయిందనుకున్నాను. వారం రోజులు ఒకటే టెన్షన్, రాత్రిళ్లు వారంటీ కాగితాలు చదువుకుంటూ కూర్చున్నాను. చివరికి చూస్తే, వేగం కొలిచే సెన్సర్‌కు సైగ అందించే చిన్న అయస్కాంతం పాత రోటరుకే అంటుకుని అట్టపెట్టెలో పడుంది. చక్రం తిరుగుతున్నట్టు మోటారుకు ఎలా తెలుస్తుంది పాపం! కొన్ని బళ్లలో అది రోటరు మీద, కొన్నిట్లో స్పోకుకో వాల్వుకో ఉంటుంది. వెనుక చక్రం జోలికి వెళ్లినప్పుడల్లా ముందు దాన్ని వెతికి పక్కన పెట్టుకోవడం ఇప్పుడు నా మొదటి పని.

గేర్ల దగ్గర మూడు మార్పులు చేశాను. బండితో వచ్చిన తేలిక క్యాసెట్‌లో అన్నిటికన్నా పెద్ద పళ్లచక్రం అల్యూమినియంది. మామూలు సైకిల్ మీద సరే, మోటారు తోపుతో నిటారు ఎక్కుళ్లన్నీ దాని మీదే ఎక్కితే 1,900 కిలోమీటర్లకే పళ్లు సొరచేప పళ్లలా మొనతేలాయి. 170 గ్రాములు ఎక్కువైనా మొత్తం ఉక్కుదే వేశాను. చైను అరుగుదలను గేజ్‌తో కొలిచి 0.5 శాతం సాగినట్టు చూపించగానే మార్చేస్తున్నాను. నాకు అది 1,200 నుంచి 1,400 కిలోమీటర్ల మధ్య వస్తోంది. చైను ఆలస్యం చేస్తే క్యాసెట్ కూడా దానితోనే పోతుంది.

రెండోది ముందు పళ్లచక్రం. 32 తీసి 30 పెట్టాను. ఇది చిన్న మోటారున్న ప్రతివాళ్లూ ఆలోచించాల్సిన విషయం. మోటారు ఇచ్చే పవరు అంటే టార్కును తిరిగే వేగంతో గుణించగా వచ్చేది. 50 న్యూటన్ మీటర్ల మోటారు, పెడల్ నిమిషానికి 40 చుట్లు తిరుగుతుంటే 210 వాట్లే ఇవ్వగలదు. 300 వాట్లు రావాలంటే 57 చుట్లన్నా దాటాలి. పెద్ద మోటారున్న బండి మీద బరువు గేరులో ఉండిపోయినా అది లాక్కుపోతుంది. దీని మీద అలా చేస్తే సరిగ్గా సాయం కావలసిన చోటే సాయం తగ్గిపోతుంది. ఎక్కుడులో కాళ్లు చకచకా ఆడుతుండాలి. రెండు పళ్లు తగ్గించడం వల్ల నాకు ఆ అలవాటు తేలికైంది. కిందకు దిగేటప్పుడు గేరు చాలదేమో అన్న భయం ఉండేది. ఎప్పుడూ చాలకపోలేదు.

మూడోది క్రాంకులు, అంటే పెడల్స్ బిగించే చేతులు, 170 నుంచి 160 మిల్లీమీటర్లకు. మోటారున్న బండి మీద రాళ్ల ఎక్కుడులో కూడా పెడల్ ఆపం, ఆపితే తోపు పోతుంది. అందుకని పెడల్ రాళ్లకు తగలడం ఎక్కువ. సెంటీమీటరు తగ్గించేసరికి ఆ దెబ్బలు సగానికి పైగా తగ్గాయి. మోకాళ్లకూ హాయిగా ఉంది. మోటారు షాఫ్టుకు ఏ రకం స్ప్లైన్ (గాడుల అమరిక) ఉందో చూసి కొనాలి, అన్ని క్రాంకులూ అన్నిటికీ పట్టవు.

చేసి వెనక్కు తీసుకున్నదీ ఒకటుంది. అందరూ అంటున్నారని వెనుక 29 అంగుళాల చక్రం తీసి 27.5 అంగుళాలది వేసి చూశాను. 29కి, 27.5కి రిమ్ము వ్యాసంలో తేడా 38 మిల్లీమీటర్లు, అంటే వెనుక ఇరుసు 19 మిల్లీమీటర్లు కిందకు దిగుతుంది. నా బండి కొలతల్లో అది పెడల్ ఇరుసును సుమారు 12 మిల్లీమీటర్లు కిందకు దించింది, హెడ్ యాంగిల్‌ను (ముందు ఫోర్కు వాలును) దాదాపు ఒక డిగ్రీ వాల్చింది. బిగువైన వంపుల్లో సరదాగా తిరిగింది, కాదనను. కానీ క్రాంకులు కురచ చేసి సంపాదించిన సెంటీమీటరు కాస్తా పోయింది. పైగా చక్రం చుట్టుకొలత యాప్‌లో మార్చకపోతే మోటారు వేగాన్ని ఎక్కువగా లెక్కేస్తుంది, తోపు ముందే ఆగిపోతుంది. ఫ్రేములో ఎత్తు సర్దుకునే ఫ్లిప్ చిప్ ఉన్నవాళ్లు ప్రయత్నించవచ్చు. నా దాంట్లో లేదు.

వేగం మాట వచ్చింది కాబట్టి చెప్తాను. ఐరోపా నిబంధనల్లో గంటకు 25 కిలోమీటర్ల దగ్గర సాయం ఆగాలి. ఆ హద్దు తీసేసే చిప్‌ల గురించి నన్ను చాలామంది అడిగారు. నేను పెట్టలేదు, పెట్టను. వారంటీ పోతుంది, చట్టం దృష్టిలో అది సైకిల్‌గా మిగలదు. అదీగాక 360 వాట్ అవర్ల బ్యాటరీతో ఆ వేగంలో ఎంతసేపు పోతారు?

పైసా ఖర్చు లేకుండా వచ్చిన పెద్ద లాభం మోటారు సెట్టింగులు మార్చడం. మూడు మోడ్లకూ గరిష్ఠ వాట్లు, సాయం శాతం, పెడల్‌కు ఎంత చురుగ్గా స్పందించాలి అనేవి యాప్‌లో విడివిడిగా మార్చుకోవచ్చు. మొదట్లో వాటిని ముట్టుకోలేదు. ఒక చార్జికి వెయ్యి మీటర్ల ఎక్కుడు వచ్చేది, చివర్లో గుండె దడదడలాడేది. మొదటి మోడ్‌ను 110 వాట్లకు కుదించాను, రెండోదాన్ని 200కి. మూడోదాన్ని 300 దగ్గరే ఉంచి, స్పందన మాత్రం నెమ్మదిగా పెట్టాను. లేకపోతే వదులు మట్టిలో వెనుక చక్రం గిరగిరా తిరుగుతుంది. ఇప్పుడు 1,400 మీటర్ల దాకా వెళ్తున్నాను. కాళ్లు కూడా కొంచెం గట్టిపడ్డాయి, ఆ వాటా ఎంతో విడదీసి చెప్పలేను. 160 వాట్ అవర్ల అదనపు బ్యాటరీ కూడా కొన్నాను. దాదాపు కిలో బరువు, నీళ్ల సీసా చోటు అదే ఆక్రమిస్తుంది. ఏడాదికి నాలుగైదుసార్లు వాడతాను. అరువు దొరికితే కొనకండి.

ఇంకో ముచ్చట. ఈ మోటారు చప్పుడు అసలు ఉండదు. దాంతో మిగతా చప్పుళ్లన్నీ బయటపడతాయి. ఫ్రేము లోపల కేబుళ్లు గలగలలాడుతుంటే డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టుండేది. కేబుళ్ల మీదకు స్పాంజి గొట్టాలు తొడిగాను, చైను కొట్టుకునే చోట మెత్తటి రబ్బరు టేపు వేశాను. అరవై గ్రాములు. ఒక మధ్యాహ్నమంతా పట్టింది, రెండుసార్లు విసుగొచ్చి వదిలేద్దామనుకున్నాను. కానీ ఆ తర్వాతి రైడ్‌లో ఆకుల మీద టైరు పోతున్న చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.

సస్పెన్షన్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. వెనుక షాక్‌లో ఒక టోకెన్ (లోపలి గాలి చోటు తగ్గించే బిళ్ల) అదనంగా వేసి, సాగ్ (మనం కూర్చుంటే షాక్ కుంగే మేర) 30 శాతానికి సరిచేశాను. ఏడాదికోసారి సర్వీసు చేయించడం కొత్త షాక్ కొనడం కన్నా మేలు చేసింది. డ్రాపర్, అంటే మీట నొక్కితే కిందకు దిగే సీటు పోస్టు, పొడుగుది వేసుకున్నాను, 70 గ్రాములు పెరిగినా దిగుడులో సీటు అడ్డురాదు. టైటానియం బోల్టుల్లో రెండు తలలు అరిగి, తీయడానికి డ్రిల్లు పెట్టాల్సి వచ్చాక మళ్లీ ఉక్కువే వేశాను. బోల్టు ఎంత బిగుస్తోందో కొలిచే టార్క్ రెంచి మాత్రం మొదటి రోజే కొని ఉండాల్సింది.

బ్యాటరీ మూడేళ్లయినా బాగానే ఉంది. వాడని రోజుల్లో సగం చార్జితో నీడలో ఉంచుతాను, ఎండలో కారులో ఎప్పుడూ వదలను. ప్రెషర్ వాషర్ వాడను. మొదటి ఏడాది వాడినందుకు వెనుక లింకు బేరింగులు తుప్పు పట్టాయి.

ప్రస్తుతానికి మిగిలిన చికాకు ఒక్కటే. నిటారు ఎక్కుడులో, ఎడమ కాలు కిందకు నొక్కినప్పుడు మాత్రమే, ఎక్కడో టిక్కుమంటోంది. సీటు పోస్టు తీసి శుభ్రం చేశాను, పెడల్స్‌కు గ్రీజు రాశాను, క్రాంకు బోల్టులు బిగించి చూశాను. పోలేదు. ఈ ఆదివారం వెనుక ఇరుసు విప్పి చూడాలి.