పక్కవాద్యమా, సోలో కచేరీయా?

కర్ణాటక వయొలిన్ ఏళ్ల తరబడి సాధన చేసినవారికి ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ప్రశ్న ఇది: గాయకుల పక్కన తోడుగా వాయించాలా (పక్కవాద్యం), తామే ప్రధానంగా కచేరీ చేయాలా (సోలో)?

అవకాశాలు: గాత్ర కచేరీకి వయొలిన్ ఉండాల్సిందే, కాబట్టి పక్కవాద్యానికి పిలుపులు ఎక్కువ. సోలోకి తక్కువ. సభలవాళ్లు పేరున్నవారి వైపే చూస్తారు.

ఖర్చు: పక్కవాద్యానికి పెద్దగా ఉండదు. సోలోకి మొదట్లో మృదంగం వారికి మీరే ఇచ్చుకోవాల్సి రావచ్చు.

శ్రమ: అసలు తేడా ఇక్కడే. పక్కవాద్యంలో గాయకులు ఏ రాగం ఎత్తుకుంటారో చాలాసార్లు ముందుగా తెలియదు. ఆలాపనను నీడలా అనుసరించాలి, మీ వంతులో క్లుప్తంగా వాయించాలి, కల్పనస్వరాలకు (వారు అక్కడికక్కడే అల్లే స్వరాలకు) అప్పటికప్పుడు జవాబివ్వాలి. శ్రుతి (ఆధార స్వరం ఎత్తు) కూడా వారిదే: నిన్న ఒకటో శ్రుతి, ఇవాళ ఐదున్నర. సోలోలో రాగాలు మీ ఇష్టం. కానీ సాహిత్యం పలికే గొంతు ఉండదు, రెండు గంటలూ కమానే పాడాలి.

రిస్క్: పక్కవాద్యంలో చిన్న తడబాటును పాట కప్పేస్తుంది. సోలోలో ఆ అండ లేదు, టెన్షన్ ఎక్కువ. అయితే ఎప్పుడూ ఇంకొకరి బాణీనే వెంబడిస్తే మీ బాణీ మరుగున పడొచ్చు. నాకు ఇదే పెద్ద నష్టమనిపిస్తుంది.

1941లో సంగీత కళానిధి బిరుదు అందుకున్న వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామినాయుడు గారు రెండింటిలోనూ మెప్పించారు. వయొలిన్ సోలోకి నిండు కచేరీ స్థాయి తెచ్చారు.

కచేరీల మీదే బతకాలనుకునే కొత్తవారికి పక్కవాద్యం నయం. ఉద్యోగమో పాఠాలో ఆధారంగా ఉండి, మనోధర్మం (అప్పటికప్పుడు సొంతంగా రాగాన్ని అల్లే నేర్పు) పండినవారు సోలోకి దిగొచ్చు.