పిల్లల చదువు సైకాలజిస్టు: నాలుగేళ్ల వాడకం మీద సమీక్ష

రేటింగ్: టెస్టింగ్‌కి నాలుగు చుక్కలు, ఆ తర్వాత ఫాలోఅప్‌కి రెండే.

నెల్లూరైనా ఒంగోలైనా బోర్డు చూసి లోపలికి వెళ్లొద్దు, ఆర్‌సీఐ నంబరు అడగండి. క్లినికల్, రిహాబిలిటేషన్ సైకాలజిస్టులకు భారత పునరావాస మండలి ఇచ్చేది అదే. దానికి గడువుంటుంది, రెన్యువల్ అయిందో లేదో మండలి వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. నంబరు అడిగితే మొహం మాడ్చుకునేవాళ్ల దగ్గర టైం వేస్ట్. ప్రైవేటుకి వెళ్లేముందు నెల్లూరులో ఎన్‌ఐఈపీఐడీ (మేధో వైకల్యాల మీద పనిచేసే కేంద్ర సంస్థ) కింద నడిచే సీఆర్‌సీలో, అంటే సర్కారీ పునరావాస కేంద్రంలో, ఒకసారి కనుక్కోండి.

అసలు తేడా కొట్టేది భాష దగ్గర. మనవాళ్లు దేనికైనా మద్రాసు రైలెక్కేస్తారు కదా, అక్కడ ఐక్యూ టెస్టులో మాటల ప్రశ్నలు ఇంగ్లీషులో అడుగుతారు. ఇంట్లో తెలుగే మాట్లాడే పిల్లకి ఆ మార్కులు పడిపోతాయి, బొమ్మలు పేర్చే భాగంలో మాత్రం బాగా వస్తాయి. ఆ రెండూ కలిపి తీసిన ఒక్క అంకెని నమ్ముకుంటే పిల్లకి అన్యాయం.

చదవడం, రాయడం రెండు భాషల్లోనూ చూడాలి. తెలుగు డిక్టేషన్‌లో ‘పుస్తకం’ని ‘పుసకం’ అని రాస్తూ, దీర్ఘాలు మింగేస్తూ, ఇంగ్లీషులో బీ, డీ తారుమారు చేస్తుంటే లెర్నింగ్ డిజబిలిటీ (తెలివి ఉన్నా చదవడం, రాయడం పట్టుబడని ఇబ్బంది) అని అనుమానించాలి. తెలుగు గడగడా చదివి ఇంగ్లీషులోనే తడబడితే లోపం బడి చెప్పే ఇంగ్లీషుది కావచ్చు. తెలుగు పేరా ఒక్కటైనా చదివించని టెస్టుకి డబ్బు కట్టకండి.

టెస్టుకి ముందు కళ్లు, చెవులు చూపించేయండి. సిట్టింగు పొద్దున టిఫిన్ తిన్నాక పెట్టించుకోండి, ట్యూషన్ అయ్యాక వద్దు. గంట, గంటన్నర దాటితే రెండో రోజుకి వాయిదా వేయమనండి. అంకెలు నచ్చలేదని ఆర్నెల్లకే మళ్లీ అదే టెస్టు చేయిస్తే ప్రశ్నలు గుర్తుండి మార్కులు ఊరికే పెరుగుతాయి.

రిపోర్టులో వాడిన టెస్టు పేరు (ఐక్యూకి మిసిక్, లెర్నింగ్ డిజబిలిటీకి నిమ్‌హాన్స్ బ్యాటరీ లాంటివి), ఒక్కో భాగం మార్కు, బడిలో టీచరు ఏం చేయాలో ఉండాలి. ‘శ్రద్ధ పెట్టాలి’ అని రాస్తే ఆ పేజీ దండగ. ఫాలోఅప్‌కి రెండే చుక్కలు ఇచ్చింది ఇందుకే: రిపోర్టు చేతికిచ్చాక స్పెషల్ ఎడ్యుకేటర్ (ఇలాంటి పిల్లలకి విడిగా చదువు చెప్పే టీచరు) ఎక్కడ దొరుకుతారో చెప్పే దిక్కుండదు.

సర్కారీ వైకల్య సర్టిఫికెట్‌కి ఈ రిపోర్టు ఒక్కటీ చాలదు, అది ఇచ్చే సదరం క్యాంపుకి వెళ్లాల్సిందే. బడికి జిరాక్స్ ఇవ్వండి, ఒరిజినల్ మీ బీరువాలోనే ఉంచుకోండి.